సంఘసేవా పట్టా తరగతులలో విద్యార్థి వైవిధ్యము: కోవిల్పట్టి, విరుదునగర ప్రాంతముల తెలుగువారు

మదురై నుండి తిరునెల్వేలికి పోవు రైలుదారిలో మొదట విరుదునగరము, పిదప సాత్తూరు, ఆపైన కోవిల్పట్టి వచ్చును. దారికి ఇరుప్రక్కల నల్లరేగడి నేల. తమిళులు దీనిని కరిసల్ సీమ యందురు. వానలు కురిసిన యేట ప్రత్తి, జొన్న, సజ్జ, మినుము, మిరప పండును. కురియని యేట అగ్గిపెట్టెల కార్ఖానాలే గతి. ఈ రేగడి పల్లెలలో తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు అనేకము. 2011 జనగణనలో తమిళనాడున తెలుగు తమ మాతృభాష యని చెప్పినవారు సుమారు 42 లక్షలమంది, అనగా నూటికి ఆరుగురికి కొంచెము తక్కువ. ఈ కుటుంబముల పిల్లలు సంఘసేవా శాస్త్రమున తొలి పట్టాకై, అనగా బి.ఎస్.డబ్ల్యు. తరగతిలో, చేరినపుడు అధ్యాపకుడు వారిని ఏ వర్గముగా ఎంచవలెను? తెలుగువారని ఒక్క పేరు పెట్టినచో సరిపోవునా? ఈ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న యిదియే.

సంఘసేవ యనగానే మన పెద్దలకు చలివేంద్రము, సత్రము, అన్నదానము మనసునకు వచ్చును. కళాశాలలో బోధింపబడు శాస్త్రము వేరు. కష్టములోనున్న ఒక వ్యక్తితోనో కుటుంబముతోనో కూర్చుండి, వారి స్థితిని వారిచేతనే చెప్పించి, వారే దారి వెదకికొనుటకు తోడుపడుట అందొక భాగము. పదిమందిని ఒక సమూహముగా కూర్చి పనిచేయించుట మరియొకటి. ఒక వాడ లేక ఒక ఊరు తన అవసరమును తానే గుర్తించి అధికారుల నడుగునట్లు చేయుట ఇంకొకటి. వీనికి తోడుగా మనస్తత్త్వశాస్త్రము, సమాజశాస్త్రము, కొన్ని చట్టములు చదువుదురు. అన్నిటికంటె ముఖ్యమైనది క్షేత్రకార్యము. వారమున ఒకటి రెండు దినములు విద్యార్థి తరగతి విడిచి ఆసుపత్రికో, పాఠశాలకో, పల్లెకో పోయి, చూచినదియు చేసినదియు నోటుబుక్కున వ్రాసి అధ్యాపకునికి చూపవలెను. రసాయనశాలలో విద్యార్థి ఏ యింట పుట్టెనో ఆమ్లమునకు పనిలేదు. క్షేత్రకార్యమునందో, విద్యార్థి మాటతీరు, ఇంటిపేరు, పుట్టిన వాడ గూడ పనిముట్లే. కావుననే ఈ తరగతిలో ఎవరెవరు కూర్చున్నారను ప్రశ్న పాఠములో భాగమగుచున్నది.

మన దేశమున ఈ విద్యకు మొదటి పాఠశాల 1936లో బొంబాయిలో వెలసెను. అమెరికా నుండి వచ్చి నాగపాడా పేటలో పనిచేయుచుండిన క్లిఫర్డ్ మాన్‌షార్డ్ దాని తొలి అధినేత. సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ అని దానికి పేరు. 1944లో టాటా సాంఘిక శాస్త్రముల సంస్థ యని మార్చిరి. మదరాసులో 1952లో మేరీ క్లబ్‌వాలా జాదవ్ పూనికతో సంఘసేవా విద్యాలయ మేర్పడెను. బొంబాయి పాఠశాల పేరులోని గ్రాడ్యుయేట్ అను మాటను గమనింపవలెను. ముందే ఒక పట్టా పొందినవారికి మాత్రమే ప్రవేశము. బిడ్డను అంతకాలము కళాశాలలో నిలుపగల కుటుంబములు ఆనాడెన్ని? కావున సేవచేయువాడు ఒక తరగతి యింటినుండియు, సేవ పొందువాడు మరియొక తరగతి యింటినుండియు వచ్చుట చాలకాలము సహజమని తోచెను. పన్నెండవ తరగతి ముగించిన వెంటనే మూడేండ్లలో ముగియు బి.ఎస్.డబ్ల్యు. వచ్చిన పిమ్మట, ఇంటిలో మొదటిసారి కళాశాల గడప త్రొక్కిన పిల్లకు గూడ ఈ వృత్తిలోనికి దారి యేర్పడెను. తొలి పట్టాను చులకనగా చూచి, ఎం.ఎస్.డబ్ల్యు. మాత్రమే అసలు చదువని తలచువారు ఈ సంగతి మరచుచున్నారు.

అమెరికాలోను ఇట్టి చరిత్రయే కలదు. అక్కడి సంఘసేవా విద్యామండలి తొలి పట్టా తరగతులకు గుర్తింపు నిచ్చుట 1974లో ఆరంభించెను. వర్ణభేదము విద్యాలయములను చీల్చియుండిన దక్షిణ రాష్ట్రములలో నల్లవారికి ఈ శిక్షణ నిచ్చుటకై 1920లో అట్లాంటాలో ఒక పాఠశాల నెలకొల్పవలసి వచ్చెను. దానిని నడిపిన సమాజశాస్త్రజ్ఞుడు ఇ. ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్, వర్ణద్వేషమును ఒక మానసిక వ్యాధితో పోల్చి 1927లో వ్యాసము ప్రకటించి, ఆ యేడే పదవిని వదలి పోవలసిన వాడయ్యెను.

ఇక మన సీమకు వత్తము. తమిళనాడున కళాశాల ప్రవేశములలో నూటికి 69 స్థానములు ప్రత్యేకింపబడి యున్నవి. వెనుకబడిన తరగతులకు 26.5, వానిలోని ముస్లిములకు వేరుగా 3.5, మిక్కిలి వెనుకబడిన తరగతులకును విముక్త జాతులకును 20, షెడ్యూల్డు కులములకు 18, షెడ్యూల్డు తెగలకు 1. ఈ పట్టికను చేతబట్టుకొని తెలుగు మాటలాడు విద్యార్థులను వెదకినచో వారు ఒక్కచోట దొరకరు. కమ్మవారు సాధారణ వర్గమున నుందురు. గవర, వడుగ కులములవారు వెనుకబడిన తరగతులలో చేరుదురు. రాజకంబళ నాయకులు, అనగా తొట్టియ నాయకులు, మిక్కిలి వెనుకబడిన తరగతుల జాబితాలో నున్నారు. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరితీయబడిన వీరపాండ్య కట్టబొమ్మన ఈ కులమువాడే. ఆ కయత్తారు కోవిల్పట్టికి దక్షిణమున కొద్ది దూరములోనే యున్నది. అరుంధతీయులు షెడ్యూల్డు కులములలోనివారు. వారికై 2009లో చేసిన చట్టము షెడ్యూల్డు కులముల 18 స్థానములలో మూడింటిని వేరుపరచెను. ఆ చట్టము పేర్కొన్న ఏడు కులములలో అరుంధతీయులు, చక్కిలియర్, పగడై మొదలగువానితోబాటు మాదిగ, ఆది ఆంధ్ర అను పేర్లును గలవు. పేరు వినినంతనే వారి ఇంటిభాష యెట్టిదో తెలియును. ఇట్టి ఉపవర్గీకరణము రాజ్యాంగసమ్మతమేనని సుప్రీముకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పు చెప్పినది.

అనగా, భూమిగల నాయుడుగారి కుమార్తెయు, ఆ భూమిలో తరతరములుగా కూలిచేసినవాని కుమారుడును ఒకే బల్లపై కూర్చుండి, ఇంటికి పోయిన పిమ్మట ఒకే భాష మాటలాడుదురు. తరగతిలోని తక్కిన తమిళ విద్యార్థులకు ఇది తెలియనే తెలియదు. ప్రవేశపత్రమునందు కులమునకు ధ్రువపత్రము కావలెను; మాతృభాషకు ఒక గడి చాలును. కులపు లెక్కలో భాష మరుగుపడును, భాష లెక్కలో కులము మరుగుపడును. మన సంఘములవారు తెలుగువారందరును ఒకటే యని సభలలో చెప్పుకొనునపుడు ఈ రెండవ మరుగును తలచినట్లు కనబడదు.

క్షేత్రకార్యమునకు పోయిన దినమున ఇది బయటపడును. ఒక నాయుడువారి విద్యార్థిని పారిశుద్ధ్య కార్మికుల వాడకు పోయినదనుకొందము. అచ్చటి ముసలమ్మ తమిళమున అడిగినదానికి ముక్తసరిగా బదులిచ్చును. ఈ పిల్ల తెలుగున పలుకరించినచో ఒక్కసారిగా మోము వికసించి కూర్చుండుమనును. ఇంతవరకు భాష గొప్ప మేలే చేసినది. కాని ఆ పిల్ల ఏ తెలుగున పలుకరించినది? ఆ యింటివారు తమ పొలములో పనిచేయు అరుంధతీయ వృద్ధులను ఏకవచనమున పిలుచుట ఆమె పసితనము నుండి వినినది. ఏమే, రా, పో అను మాటలు ఆమె నోట దురుద్దేశము లేకయే రావచ్చును. తమిళమున మాటలాడినచో పాఠశాలలో నేర్చిన మర్యాద మాట వచ్చియుండును. ఇంటి తెలుగున పాత దొరతనమే వచ్చును. ఇచ్చట వ్యాకరణమును గూడ చూడవలెను. తెలుగున స్త్రీని గూర్చి ఏకవచనమున చెప్పునపుడు క్రియకు మానిసికిని పశువునకును భేదము లేదు. ఆమె వచ్చినది, ఆవు వచ్చినది, రెండును ఒకటే. కావున స్త్రీకి గౌరవము చూపవలెనన్న బహువచనమే శరణ్యము. అవ్వా, మీరు రండి, మీరు చెప్పండి అని ఆ పిల్ల నోట మొదటిసారి పలుకుట మూడు పుస్తకముల చదువునకు సమానము. ఆ వాడలో అది విన్నవారు మరువరు.

ఎదురుదారి మరింత కఠినము. అరుంధతీయ విద్యార్థి కుటుంబ పరిశీలనకై పెద్దకులముల వీథికి పోయినపుడు అతనికి కూర్చుండ పీట వేయుదురా? త్రాగుటకు నీరు ఏ పాత్రలో నిత్తురు? తేనీటి దుకాణములలో రెండు రకముల గ్లాసు లుంచు దురాచారము తమిళనాడు పల్లెలలో ఎరుగనిది కాదు. అస్పృశ్యతను నేరముగా జేసిన చట్టము 1955లోనే వచ్చినది, అత్యాచారముల నిరోధక చట్టము 1989లో వచ్చినది. ఇట్టి చోట్ల అధ్యాపకుడు ఒక సులభమార్గము త్రొక్కవచ్చును. అరుంధతీయ విద్యార్థిని అరుంధతీయ వాడకే పంపుట. భాష తెలియును, మనుష్యులు తెలియుదురు, చిక్కు లేదు. ఇది తప్పని చెప్పక తప్పదు. తండ్రి తాతలు ఏ వీథికి కట్టుబడిరో ఆ వీథికే మరల పట్టా చదువు పేరుతో కట్టివేయుట యగును. అతనిని పంచాయతీ కార్యాలయమునకు, బ్యాంకునకు, అగ్గిపెట్టెల కార్ఖానా యజమాని యొద్దకు పంపవలెను. అధ్యాపకుడు మొదటి దినమున వెంట పోవలెను. పారిశుద్ధ్య కార్మికుల వాడకు నాయుడు, రెడ్డి పిల్లలు పోవలెను. మానవ మలమును చేతులతో ఎత్తించుటను నిషేధించిన 2013 చట్టమును వారు ఆ వాడలోనే కూర్చుండి చదువవలెను.

పనిచేయువాడు ప్రజలలోనివాడై యుండుట ఎంత లాభమో ఈ సీమవాడే ఒకరు చేసి చూపినారు. అరవింద కంటి ఆసుపత్రిని 1976లో మదురైలో 11 పడకలతో ఆరంభించిన వైద్యుడు జి. వెంకటస్వామి 1918లో ఎట్టయాపురము చెంతనున్న వడమలాపురమున తెలుగు కుటుంబమున పుట్టినవారు. ఆయన ఆసుపత్రి పల్లెటూళ్ళ ఆడపిల్లలను ఎంచి, రెండేండ్లు శిక్షణ నిచ్చి, కంటిపరీక్షలోను రోగులను ఓదార్చుటలోను వైద్యులకు కుడిభుజముగా చేసికొన్నది. చూపులేని ముసలివానికి పట్టణపు వైద్యునికంటె తన మనుమరాలివంటి పిల్ల చెప్పినమాటపై గురి యెక్కువ.

ఆడపిల్లల మాట వచ్చినది గనుక మరియొక సంగతి. శివకాశిలో 1923 ప్రాంతమున మొదలైన అగ్గిపుల్లల పరిశ్రమ సాత్తూరు, కోవిల్పట్టి దాక వ్యాపించి, ఎన్నో యిండ్లలో బడి విడిచిన సాయంకాలములను మ్రింగినది. జాతీయ బాలకార్మిక పథకము 1988లో ఆరంభమైనపుడు మొదట ఎన్నుకొన్న చోట్లలో శివకాశి ఒకటి. శివకాశి పిల్లలనుగూర్చిన వ్యాజ్యముమీదనే సుప్రీముకోర్టు 1996లో పేరుపొందిన తీర్పు నిచ్చినది. ఆ కార్ఖానాలలో పనిచేసిన తల్లుల కుమార్తెలు నేడు కళాశాలకు వచ్చుచున్నారు. ప్రభుత్వ పాఠశాలలో ఆరు నుండి పన్నెండు వరకు చదివిన పిల్లకు పట్టా ముగియువరకు నెలకు 1000 రూపాయల నిచ్చు పుదుమై పెణ్ పథకము 2022 సెప్టెంబరులో వచ్చినది. మగపిల్లలకు 2024 ఆగస్టులో. బాలకార్మిక సమస్యపై ఉపన్యాసము జరుగుచుండగా ఇట్టి పిల్ల వెనుక బల్లపై మౌనముగా నుండును. ఆమెను నిలువబెట్టి అనుభవము చెప్పుమనుట క్రూరము. ఆమె తానై చెప్పదలచిన దినమున వినుటకు తరగతి సిద్ధముగా నుండిన చాలును.

చదువు కళాశాలలోనే లేదనుటకు కోవిల్పట్టి చెంతనున్న ఇడైసెవల్ గ్రామపు కి. రాజనారాయణన్ సాక్షి. ఇంటిభాష తెలుగు, వ్రాసినది తమిళము, చదివినది ఏడవ తరగతి. తెలుగువారి వలసకథను 1976లో గోపల్ల గ్రామము అను నవలగా వ్రాసి, దాని తరువాతి భాగమునకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము పొంది, పుదుచ్చేరి విశ్వవిద్యాలయమున జానపద విజ్ఞానమునకు ఆచార్యుడైనారు. సంఘసేవా విద్యార్థి ఈ సీమ పల్లెలకు పోవుటకు ముందు ఆయన పుస్తకములు చదువుట మంచిది.

మిగిలినది లిపి ప్రశ్న. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిమ్మట ఒకటవ తరగతి నుండి తమిళము తప్పనిసరి యైనది. ఈ ప్రాంతపు తెలుగు పిల్లలలో తెలుగు మాటలాడువారు పెక్కురు, వ్రాయగలవారు కొద్దిమంది. రోగి చెప్పిన తెలుగు మాటను వారు నోటుబుక్కున తమిళ లిపిలో ఎక్కింతురు. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరము. ట, డ లకును ఒకటే. కడుపులో గడ్డ యున్నదని ముసలమ్మ చెప్పినది పుటపై కట్ట యగును. వారము గడచిన పిమ్మట దానిని చదువు అధ్యాపకునికి ఆమె మోపుకట్టను గూర్చి చెప్పినదో, రోగమును గూర్చి చెప్పినదో తెలియదు. ఇంటిలో మాటలాడు భాషకు అక్షరములు నేర్చుటకు ఆ విద్యార్థికి ఒక వేసవి సెలవు చాలును. నేర్పగల తెలుగు ఉపాధ్యాయులు ఈ రెండు ఊళ్ళలోను ఇంకను ఉన్నారు.