వ్యానిటీ

అద్దము, దువ్వెన, పౌడరు మొదలగు వస్తువుల నుంచుకొను చేతిసంచిని స్త్రీలు 'వ్యానిటీ బ్యాగు' అందురు. ఈ 'వ్యానిటీ' యను ఆంగ్లపదమునకు నిఘంటువులో రెండర్థములు కనబడును. ఒకటి గర్వము, అనగా తన రూపమును, ప్రజ్ఞను తలచుకొని తనలో తాను మురిసిపోవు గుణము. రెండవది శూన్యత. గర్వించువాడు తాను నిండుకుండనే యనుకొనును గదా! అట్టి గుణమునకును వట్టితనమునకును ఒకే పేరెట్లు కలిగెను?

లాటిను భాషలో 'వానుస్' అనగా వట్టిది, లోన ఏమియు లేనిది. దానినుండి పుట్టిన 'వానితాస్' అను మాట ఫ్రెంచి భాష మీదుగా 13వ శతాబ్దమున ఇంగ్లీషులో ప్రవేశించెను. ఈ 'వానుస్' సంస్కృతమునందలి 'ఊన' శబ్దమునకు చుట్టమని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మనము వాడు 'న్యూనత'లో నున్నది ఆ 'ఊన'యే. కావున ఈ పరదేశపు మాట మనకు మరీ పరాయిది కాదు.

ఇంగ్లీషువారు మొదట దీనిని 'పనికిరానిది' అను అర్థముననే వాడిరి. ఫలింపని శ్రమను 'ఇన్ వెయిన్' అనుట నేటికిని కలదు. పిదప, పనికిరాని వానిని చూచుకొని మురియువాని గుణమునకును ఆ పేరే అంటుకొనెను. తెలుగువారు 'ఉత్త గొప్పలు' అనుటలోను ఈ భావమే యున్నది. మనము రెండు మాటలలో చెప్పునది వారికి ఒక్క మాటలో నిమిడినది.

అయితే ఇందువలన ఒక చిక్కు వచ్చెను. బైబిలు పాతనిబంధనలో 'ప్రసంగి' యను గ్రంథము కలదు. దాని కర్త 'హెవెల్' అను హీబ్రూ పదమును మాటిమాటికి వాడెను. హెవెల్ అనగా ఊపిరి, ఆవిరి. చలికాలపు ఉదయమున నోటినుండి వెలువడిన ఆవిరి కంటికి కనబడును గాని, పట్టుకొనబోయిన చేతికి చిక్కదు. మానవుని శ్రమయు, సంపదయు, జ్ఞానమును సైతము అట్టివే యని ఆ గ్రంథకర్త దుఃఖము. క్రీ.శ. 4వ శతాబ్దము చివర జెరోము అను పండితుడు ఆ గ్రంథమును లాటినులోనికి తెచ్చుచు 'వానితాస్' అను మాటను వాడెను. 1611లో వెలువడిన ఆంగ్లానువాదమున అది 'వ్యానిటీ' యయ్యెను. నేడు దానిని చదువువాడు, అది గర్విష్ఠులను మందలించు గ్రంథమని పొరబడవచ్చును. ఒక మనిషి దుఃఖము వానికి మందలింపుగా వినబడును. తెలుగు బైబిలులో 'వ్యర్థము' అని యుండుటచే మనకా పొరపాటు కలుగదు.

పాత అర్థము చిత్రకళలో మాత్రము చెక్కుచెదరలేదు. 17వ శతాబ్దమున హాలండు దేశమున వేయబడిన ఒక తరగతి పటములకు 'వానితాస్' అనియే పేరు. పుఱ్ఱె, ఆరిపోవుచున్న దీపము, నీటిబుడగ, వాడిన పూవు వానిలో ఒకే బల్లపై కనబడును. కొన్నింట వాని చెంతనే చేతియద్దమును కలదు.