ముప్పై ఐదు దాటిన గర్భం: మందలింపు కాదు, సమాచారం కావాలి

చదువు కోసం, ఉద్యోగం కోసం పెళ్లిని వాయిదా వేసుకున్న మొదటి తరం దళిత విద్యార్థినులు ఉన్నారు. ఉన్న బిడ్డను పోగొట్టుకుని, కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌ను తిరగదోడించుకుని మళ్లీ గర్భం దాల్చిన తల్లులూ ఉన్నారు. వీళ్లకు ఆస్పత్రిలో తరచూ ఎదురయ్యేది "ఈ వయసులో ఏమిటి?" అన్న మందలింపే. వాళ్లకు దక్కాల్సింది సమాచారం.

వయసు పెరిగేకొద్దీ గర్భస్రావం, బీపీ, షుగర్, సిజేరియన్ అవకాశాలు పెరుగుతాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ పుట్టే అవకాశం 25 ఏళ్ల తల్లికి సుమారు 1250లో ఒకటి, 35 ఏళ్లకు 350లో ఒకటి, 40 ఏళ్లకు 100లో ఒకటి. అంటే నలభైలో కూడా వందకు 99 మంది తల్లులకు ఈ సమస్య రాదు.

పరీక్షలు రెండు రకాలు. 11–13 వారాల మధ్య స్కానింగ్, రక్త పరీక్ష. 10వ వారం నుంచి చేసే ఎన్ఐపీటీ రక్త పరీక్ష. ఇవి అవకాశం ఎంతో మాత్రమే చెబుతాయి. ఖాయంగా తేల్చేది 15 వారాల తర్వాత ఉమ్మనీరు తీసి చేసే పరీక్ష వంటివి. దీనివల్ల కొద్దిపాటి గర్భస్రావ ప్రమాదం ఉంది. అవయవ లోపాలు చూసే స్కానింగ్ 18–20 వారాల మధ్య చేస్తారు.

ఇక్కడ చట్టం తెలియాలి. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం 35 దాటిన గర్భిణికి ఈ పరీక్షలను అనుమతిస్తుంది. అయితే ఉమ్మనీరు పరీక్షకు ముందు దుష్ప్రభావాలన్నీ వివరించి, ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వక అంగీకారం తీసుకుని, దాని నకలు ఆమెకే ఇవ్వాలి. అర్థంకాని ఇంగ్లిష్ కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే అది అంగీకారం కాదు.

గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. 2021 సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 20–24 వారాల మధ్య, చట్టం పేర్కొన్న వర్గాలకు ఇద్దరు డాక్టర్లు కావాలి. ఆపైన పిండంలో తీవ్ర లోపం ఉంటే మెడికల్ బోర్డు తేల్చాలి. అందుకే పేరు నమోదు ఆలస్యమైతే హక్కు కూడా చేజారుతుంది. పరీక్ష చేయించుకున్నంత మాత్రాన గర్భం తీయించుకోవాలని లేదు. వైకల్యం ఉన్న బిడ్డను కనడమూ ఆమె హక్కే.

దళిత స్త్రీలు ఆధిపత్య కులాల స్త్రీల కంటే సగటున 14.6 ఏళ్లు ముందే చనిపోతున్నారని ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018 నివేదిక చెప్పింది. ఆ తేడాకు వయసు కారణం కాదు. ఎన్ఐపీటీకి ప్రైవేటు ల్యాబుల్లో వేల రూపాయలు అవుతుంది. కానీ బీపీ, రక్తం, షుగర్ పరీక్షలు ప్రతి నెలా 9న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. వాడలో 35 దాటిన గర్భిణి ఎవరున్నా మూడో నెల లోపే పేరు నమోదు చేయించడం, 9వ తేదీన తోడు వెళ్లడం మన కార్యకర్తలు వెంటనే చేయగల పని.