పేరెరుగని ఋణములు

ఒక దినమున ఎంతమంది అపరిచితుల చేయూతతో మన పనులు సాగుచున్నవో లెక్కవేసి చూచినవారరుదు. తెల్లవారుజామున పాలు వాకిట ఉంచి పోవువాడు, కిక్కిరిసిన బస్సులో మన చిల్లర అందుకొని కండక్టరునకు చేర్చి టిక్కెట్టును తిరిగి మన చేతికి అందించు నలుగురైదుగురు, రైలుపెట్టెలో తాను ముడుచుకొని కూర్చుండి ముసలివారికి జాగా ఇచ్చు పడుచువాడు, సంతలో త్రోవ తప్పిన బిడ్డ ఏడ్పు మాన్పి తల్లిని వెదకిపెట్టు కూరగాయల ఆవిడ - వీరి పేర్లు మనకు తెలియవు. మరల కనబడుదురన్న నమ్మకమును లేదు. ఐనను వీరు లేనినాడు మన బ్రతుకు ఒక్క పూటయైనను సజావుగా నడువదు. ఇట్టి చిన్న చిన్న కలయికలు కృతజ్ఞతను గురించి మనకేమి నేర్పునో ఈ ప్రసంగమున విచారింతము.

కృతజ్ఞత అను మాటలోనే దాని అర్థము దాగియున్నది. కృతమనగా చేయబడినది, జ్ఞుడనగా ఎరిగినవాడు. తనకు జరిగిన మేలును ఎరుగుటయే కృతజ్ఞత. దానిని మరచువాడు కృతఘ్నుడు, అనగా చేసిన మేలును చంపువాడు. మన పూర్వులు దీనిని ముందుగా మనస్సునకు సంబంధించిన ఎరుకగా తలచిరి. నోటితో చెప్పుట ఆ ఎరుకకు తరువాతి మెట్టు.

ఇంటిలో ఈ రెండవ మెట్టు మనకు అంతగా అవసరపడదు. అన్నము వడ్డించిన తల్లితో కొడుకు "ధన్యవాదాలమ్మా" అనినచో ఆమె సంతోషించుటకు మారుగా, "ఏమిరా, పరాయివాడిలా మాట్లాడుతున్నావు?" అని నొచ్చుకొనును. ఇది తెలుగువారి మొరటుతనమని ఎవరును అనుకొనరాదు. 2018లో కొందరు భాషాశాస్త్రవేత్తలు అయిదు ఖండములలోని ఎనిమిది భాషలవారి నిత్యసంభాషణలను పరిశీలించి ఒక వ్యాసమును ప్రకటించిరి. ఒకరడిగిన పనిని మరియొకరు చేసిపెట్టినపుడు, ఇరువది పర్యాయములలో సుమారు ఒక్కసారి మాత్రమే కృతజ్ఞత నోటివెంట వచ్చినదని వారు తేల్చిరి. ఇంగ్లీషు, ఇటాలియను భాషలవారిలో ఇది కొంత హెచ్చు. ఈక్వడారు దేశమునందలి చాపలా భాషలోనైతే ఇందుకు వాడుకమాటయే లేదు. అయినవారి నడుమ అడిగినది చేసిపెట్టుట అన్ని చోట్లను సహజధర్మముగా చెల్లుచున్నది.

ఇరుగుపొరుగుల విషయమును ఇట్టిదే. తోడుకు మజ్జిగ ఇచ్చిన పక్కింటివారి గిన్నెను మనము వట్టిగా తిరిగి పంపము. అందులో కొంచెము పచ్చడియో, నాలుగు కాయలో ఉంచి పంపుదుము. వారి ఇంట పెండ్లి జరిగినపుడు మన బిందెలు, పీటలు అచ్చటికి పోవును. ఈ జమాఖర్చు ఎన్నటికిని తేలదు, తేలకుండుటలోనే స్నేహమున్నది. అపరిచితుని విషయము వేరు. అతడు మేలు చేసిన క్షణమున ఖాతా తెరువబడును. అతడు వీధి మలుపు తిరిగిన క్షణమున మూయబడును. రేపు తీర్చుకొందమన్నచో ఆ రేపు రాదు. అందుచేతనే కృతజ్ఞత యొక్క నిజస్వరూపము అయినవారి నడుమకంటె అపరిచితుల నడుమ మనకు స్పష్టముగా కానవచ్చును.

అపరిచితుడు నేర్పు మొదటి పాఠము, మేలును మేలుగా గుర్తించుట. దీనికి రెండు అడ్డములు కలవు. ఒకటి అలవాటు, రెండవది డబ్బు. ప్రతిదినము జరుగునది కంటికి ఆనదు. వెల చెల్లించినచో ఋణము తీరినట్లే తోచును. మనము టిక్కెట్టు కొన్నమాట నిజమే. కాని రాత్రి బస్సులో నలువదిమంది నిద్రించుచుండగా తానొక్కడు రెప్పవాల్చక కూర్చున్న డ్రైవరు జాగరూకతకు ఆ టిక్కెట్టుమీద వెల వ్రాసియుండలేదు. జీతము పనికి ముట్టును. శ్రద్ధ ఆ మనిషి తనంతట తాను కలిపి ఇచ్చునది.

డబ్బుతో కొనరాని అపరిచితుని మేలునకు రక్తదానమును మించిన నిదర్శనము లేదు. మానవరక్తమున వర్గములు కలవని కార్ల్ లాండ్‌స్టీనరు 1901లో ప్రకటించిన పిదపనే ఒకరి రక్తమును మరియొకరికి క్షేమముగా ఎక్కించుటకు మార్గమేర్పడినది. మన దేశమున ఒక దాతనుండి ఒక పర్యాయము 350 లేక 450 మిల్లీలీటర్ల రక్తమును తీసికొందురు. దానిని ఎర్రకణములు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా వేరుపరచి వేర్వేరు రోగులకు వినియోగింతురు. ప్లేట్‌లెట్లు సుమారు అయిదు దినములు, ఎర్రకణములు కలిపిన ద్రావణమును బట్టి 35 మొదలు 42 దినములు మాత్రమే నిలువయుండును. కావున ఈ నిధిని ఒకసారి నింపి ఊరకుండుటకు వీలులేదు. ఎవరో ఒకరు నిత్యము ఇచ్చుచుండవలసినదే. సుప్రీముకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ననుసరించి, డబ్బునకు రక్తమిచ్చు పద్ధతి 1998 జనవరి 1 నుండి మన దేశమున నిషేధింపబడినది. ప్రసవవేళ రక్తస్రావమై ప్రాణాపాయమున పడిన ఒక తల్లికి ఎక్కించు రక్తము ఎవరిదో ఆమె ఎరుగదు. ఆ తల్లి బ్రతికి, బిడ్డతో ఇంటికి వచ్చి ఎవరికి నమస్కరింపవలెను? ఆమె భర్తయో, తమ్ముడో మరియొక దినమున పోయి చేయి చాచి రక్తమిచ్చుట కంటె ఆ నమస్కారమునకు తగిన రూపము వేరొకటి కానరాదు.

రెండవ పాఠము, చెప్పవలసినది అప్పుడే చెప్పుట. మనలో అనేకులకు మనసున కృతజ్ఞత లేకపోలేదు. చెప్పుటకు బిడియము అడ్డువచ్చును. ఇంత చిన్న పనికి చెప్పుట అతిగా నుండునేమో, ఎదుటివారేమనుకొందురో అని సంకోచింతుము. ఈ సంకోచమునకు తగిన ఆధారము లేదని అమెరికాలో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అను మనస్తత్వశాస్త్రజ్ఞులు 2018లో చూపిరి. తమకు మేలు చేసినవారికి ఉత్తరములు వ్రాయుమని వారు కొందరిని కోరిరి. ఉత్తరము చదివి ఎదుటివారు పొందు ఇబ్బందిని వ్రాసినవారు ఎక్కువగా ఊహించుకొనిరి. ఆనందమును తక్కువగా ఊహించుకొనిరి. అందుకొన్నవారిని అడిగి చూడగా విషయము తారుమారుగా నున్నది. 2010లో ఆడమ్ గ్రాంట్, ఫ్రాంచెస్కా జీనో అను మరి ఇద్దరు ప్రకటించిన పరిశోధనయు ఇచ్చట చెప్పదగినది. ఒక విద్యార్థి ఉద్యోగమునకై వ్రాసిన లేఖను కొందరిచేత సరిదిద్దించిరి. ఆపైన కృతజ్ఞతలేని జవాబు పొందినవారిలో నూటికి 32 మంది మరల సహాయము చేయగా, కృతజ్ఞత తెలుపు జవాబు పొందినవారిలో 66 మంది చేసిరి. తాము ఒకరికి పనికివచ్చితిమన్న తృప్తియే ఈ భేదమునకు కారణమని వారు తెలిపిరి.

తెలుగున దీనికి మాటల కరవు లేదు. "చల్లగా ఉండు నాయనా", "సమయానికి దేవుడిలా వచ్చావు బాబూ" అని పల్లెల పెద్దవారు పలుకుదురు. అచ్చట కృతజ్ఞత ఆశీర్వచనమై వెలువడును. పైగా పేరెరుగనివారిని మనము అన్నా యనియు, తల్లీ యనియు, బాబాయి యనియు పిలుతుము. మూయబడబోవు ఖాతాను ఈ పిలుపు ఒక్క నిమిషముపాటు బంధుత్వముగా మార్చివేయును. ఎదుటివాని ముఖము చూడక, నడుచుచు విసరిన థాంక్సులో ఈ గుణముండదు. చేసిన పని ఏదో చెప్పుట ఇంకను మేలు. "మీరు మూట దించి ఇచ్చారు కనుకనే నాకు బండి అందింది" అనినపుడు, ఆ మనిషి తన శ్రమకు ఫలమును కన్నులార చూచుకొనును.

మూడవ పాఠము, తీర్చుకొనలేని ఋణమును ముందునకు సాగించుట. వాల్మీకి రామాయణమున సుందరకాండయందు ఒక చక్కని ఘట్టము కలదు. సముద్రమును దాటుచున్న హనుమంతునికి విశ్రాంతి నిచ్చుటకై మైనాకపర్వతము నీటినుండి పైకి లేచెను. ఇద్దరికిని అంతకుముందు పరిచయము లేదు. కాని పూర్వము ఇంద్రుడు పర్వతముల రెక్కలు నరకునపుడు వాయుదేవుడు మైనాకుని సముద్రమున చేర్చి కాపాడెను. తండ్రి చేసిన మేలును కొడుకునందు తీర్చుకొనవలెనని మైనాకుని తలంపు. హనుమంతుడు ఆ ఆతిథ్యమును తిరస్కరింపలేదు. పని మాని ఆగనూ లేదు. పర్వతమును చేతితో తాకి, ప్రియముగా మాటలాడి సాగిపోయెను. మేలు వచ్చిన చోటికే తిరిగి పోనక్కరలేదనియు, ఇచ్చువాని మనసు నొవ్వకుండ పుచ్చుకొనుటయు కృతజ్ఞతలో ఒక భాగమనియు ఈ ఘట్టమువలన తెలియుచున్నది.

2006లో మోనికా బార్ట్‌లెట్, డేవిడ్ డిస్టెనో అను పరిశోధకులు ప్రకటించిన ప్రయోగము దీనికి దగ్గరగా నున్నది. వారు పనిచేయుచున్నవారి కంప్యూటరు చెడిపోయినట్లు కల్పించి, పక్కనున్న వ్యక్తిచేత దానిని బాగుచేయించిరి. అట్లు సహాయము పొందినవారు, కొంతసేపటికి ఎదురైన వేరొక అపరిచితునికి విసుగు పుట్టించు పనిలో, సహాయము పొందనివారికంటె ఎక్కువగా తోడ్పడిరి.

మన నాట చలివేంద్రములు ఈ ధర్మముమీదనే నిలిచినవి. శాతవాహనుల కాలమునాటి హాలుని గాథాసప్తశతియందే బాటసారికి నీరు పోయు స్త్రీ కనబడుచున్నది. గోదావరి లంకలలోని గన్నవరమున డొక్కా సీతమ్మ గారు (1841-1909) వేళగాని వేళ వచ్చిన బాటసారులకు అన్నము పెట్టి అన్నపూర్ణయని పేరొందిరి. ఆమె చేతి అన్నము తిన్నవారిలో ఆమెకు తిరిగి పెట్టగలిగినవారెందరుందురు? ఐనను ఆ ఋణము మరుగున పడలేదు. వైనతేయ గోదావరిమీది అక్విడక్టునకు ఆమె పేరుంచిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది.

అపరిచితుని మేలు ప్రాణముతో ముడిపడు చోటు రహదారి. ప్రమాదమున గాయపడినవానిని తొలిగంటలో ఆసుపత్రికి చేర్చుటపై అతని బ్రతుకు ఆధారపడి యుండవచ్చును. ఐనను చాలకాలము జనులు పోలీసు విచారణలకును, కోర్టు వాయిదాలకును, ఆసుపత్రి ఖర్చులకును భయపడి వెనుకాడిరి. 2016 మార్చిలో సుప్రీముకోర్టు ఇట్టి సహాయకులను కాపాడు మార్గదర్శక సూత్రములకు ఆమోదము నిచ్చినది. 2019లో మోటారు వాహనముల చట్టమునకు 134ఎ అను సెక్షనును చేర్చిరి. దాని ప్రకారము సదుద్దేశముతో సాయపడినవానిపై, గాయపడినవాడు మరణించినప్పటికిని, సివిలు గాని క్రిమినలు గాని బాధ్యత మోపరాదు. పేరు చెప్పుట, చెప్పకపోవుట అతని ఇష్టము. అంతకుముందే 2005 ఆగస్టు 15న హైదరాబాదున 108 అంబులెన్సు సేవ ప్రారంభమైనది. ఆ సంఖ్యకు ఫోను చేసి, బండి వచ్చువరకు గాయపడినవాని పక్కన కూర్చుండుటయు గొప్ప సహాయమే. చట్టము భయమును తీసివేయగలదు. బండి ఆపి దిగవలెనన్న బుద్ధిని పుట్టింపజాలదు. తమ బిడ్డను ఆసుపత్రిలో దించి, పేరైనను చెప్పక పోయిన మనిషిని తలచుకొను కుటుంబమునకు ఆ బుద్ధి తానే పుట్టవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. కృతజ్ఞత వేరు, దాస్యము వేరు. పింఛను కాగితమునకై కార్యాలయమునకు వచ్చిన వృద్ధునికి ఆ కాగితమునిచ్చుట గుమాస్తా విధి. పుచ్చుకొనుట వృద్ధుని హక్కు. దానికొరకు అతడు చేతులు జోడించి నిలువనక్కరలేదు. కాని అదే గుమాస్తా, కళ్ళజోడు మరచి వచ్చిన ఆ వృద్ధునికి ఫారమును ఓపికతో చదివి వినిపించినచో అది మేలు. హక్కును దయగా చూపి కృతజ్ఞత నాశించుట ఎంత తప్పో, దయను హక్కుగా తీసికొని మారుమాటలేక పోవుటయు అంతే తప్పు.

ఈ ఎరుకను ఇంటిలో అలవరచుకొనుట కష్టము కాదు. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో 2003లో ప్రకటించిన పరిశోధనలో, వారమునకొకసారి తమకు కలిగిన మేళ్ళను వ్రాసికొన్నవారు, చికాకులను వ్రాసికొన్నవారికంటె తమ జీవితముపట్ల ఎక్కువ తృప్తిని తెలిపిరి. మనకు పుస్తకము, కలము కూడ అక్కరలేదు. రాత్రి భోజనమునకు కూర్చున్నపుడు "ఇవాళ నీకు తెలియనివాళ్ళెవరు సాయం చేశారు?" అని పిల్లలను అడిగిన చాలును. మొదటి దినమున "ఎవరూ లేరు" అందురు. వారము తిరుగునప్పటికి రోడ్డు దాటించిన హోంగార్డు, ఊడిన సైకిలు చైను తగిలించి ఇచ్చిన పెద్దాయన, వానలో గొడుగు పట్టిన ఆవిడ ఒక్కొక్కరుగా మాటలలోనికి వత్తురు. వారికి మనమేమి చేయగలమని పిల్లలే అడుగుదురు. అప్పుడు వేసవిలో వీధి మొగలో ఒక నీళ్ళకుండ నుంచి, ముంచి పోయుటకు చెంబును వారి చేతికే ఇయ్యవచ్చును.