రంగు గీత దాటితే తప్పా?

పెడనలో అచ్చుల అద్దకం చూసినవారికి తెలుసు, ఒక అచ్చు పడిన చోట రెండో అచ్చు సరిగ్గా కూర్చోవాలి. రంగు గీత దాటి పక్కకు పోయిందంటే పనివాడికి మాట పడ్డట్టే. ఫ్రాన్సు దేశంలో ఒక చిత్రకారుడు మాత్రం కావాలనే రంగును గీత దాటించి పేరు తెచ్చుకున్నారు. ఆయన రౌల్ డ్యూఫీ. కొన్నేళ్లు చెక్క అచ్చులతో బట్టలకు రంగులు అద్దించినవారు కూడా.

డ్యూఫీ 1877లో ల హావ్ర్ అనే రేవు పట్టణంలో పుట్టారు. ఇంట్లో తొమ్మిదిమంది పిల్లలు. తండ్రి ఒక కంపెనీలో జమాఖర్చులు రాసేవారు. 14వ ఏటనే చదువు మాని, కాఫీ గింజలు దిగుమతి చేసుకునే కంపెనీలో పనికి చేరాల్సి వచ్చింది. పగలు కాఫీ లెక్కలు, సాయంత్రం బొమ్మల బడి. 1900లో ఊరి మునిసిపాలిటీ ఉపకారవేతనమిచ్చి పారిస్‌కు పంపింది. బొమ్మలు వేసే కుర్రవాడి మీద ఒక మునిసిపాలిటీ డబ్బు పెట్టిందంటే మెచ్చుకోవలసిందే.

1911 ప్రాంతంలో పాల్ పోయ్‌రె అనే పేరుమోసిన దర్జీతో కలిసి బట్టల అద్దకంలో దిగారు. 1912 నుంచి 1928 వరకు లియాన్ నగరంలోని పట్టు కంపెనీకి డిజైన్లు గీసి ఇచ్చారు.

ఇక సముద్రతీరం బొమ్మలకు వద్దాం. నీస్ పట్టణంలో తెరిచిన కిటికీ, బయట ఈతచెట్ల వంటి చెట్లు, తెల్ల తెరచాపల పడవలు, గాలికి ఎగిరే జెండాలు. అన్నిటినీ ముంచెత్తే నీలం. అలలంటే ఆ నీలం మీద వరసగా పెట్టిన తలకట్లే. చెట్టు ఆకుపచ్చ చెట్టును దాటి ఆకాశంలోకి పోతుంది, పడవ రంగు పడవ పక్కన ఉంటుంది. అయినా కంటికి ఎక్కడా తప్పు తోచదు. చూస్తున్నంతసేపూ చల్లగాలి తగిలినట్టే ఉంటుంది.

రేవు గట్టు మీద ఎర్ర గౌను పిల్ల పరుగెత్తుకుంటూ పోతే, పిల్ల రూపు కంటికి అందకపోయినా ఎరుపు ఇంకా నిలిచి ఉండటం ఆయన గమనించారట. ఆపైన గీతది ఒక దారి, రంగుది ఒక దారి అయింది.

ఇంత హాయి పంచిన మనిషి సుఖంగా బతికారనుకుంటే పొరపాటు. 1937 పారిస్ ప్రదర్శనకు విద్యుత్తు కథను 60 మీటర్ల పొడవు, 10 మీటర్ల ఎత్తున 250 చెక్క పలకల మీద చిత్రించారు. ఆ కాలానికే కీళ్లవాతం పట్టుకుంది. వేళ్లు వంకర్లు పోయాయి, కర్రల సాయం లేనిదే నడక లేదు. రంగు గొట్టం నొక్కడానికి కూడా చేతిలో బలం చాలని రోజులొచ్చాయి. కుంచె మాత్రం వదల్లేదు.

1950లో అమెరికాలోని బోస్టన్ వెళ్లి, అప్పుడప్పుడే వచ్చిన కార్టిజోన్ జాతి మందులతో వైద్యం చేయించుకున్నారు. మళ్లీ లేచి నడిచారు, గొట్టం తన చేత్తో తానే నొక్కారు. (ఈ జాతి మందులు వాపును, నొప్పిని తగ్గిస్తాయి గాని జబ్బును వేళ్లతో పెకలించవు. ఒళ్లు నొప్పులకు ఇంజెక్షను అడిగి మరీ వేయించుకునేవారు డాక్టరు మాట లేనిదే వీటి జోలికి పోకూడదు.)

1952లో వెనిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో చిత్రకళకు పెద్ద బహుమతి ఆయనకే దక్కింది. మరుసటి ఏడు మార్చి 23న కన్నుమూశారు. సమాధి నీస్‌లోనే ఉంది.

చివరి ఏళ్లలో మాత్రం ఆయన చిన్ననాటి తీరంలో ఒక నల్ల ఓడను మళ్లీ మళ్లీ వేశారు. నడినెత్తిన సూర్యుణ్ణి చూస్తే కళ్లకు మిగిలేది నలుపేనని ఆయన లెక్క. ఎర్రటి ఎండలో చేలో పనిచేసి తలెత్తిన మనవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఓడ రూపును నల్ల రంగులోనే గోకి తీశారు. చుట్టూ అదే నీలం, అవే తలకట్ల అలలు.