నత్తియందలి ముందెరుక

నత్తిగలవారు పలుమార్లు, మాట నోట వెలువడకమునుపే, తామచ్చట ఆగుదుమని గుర్తింతురు. ఈ ముందెరుక పిరికితనము గాని భ్రమ గాని కాదని, దానికి శాస్త్రీయమైన ఆధారము కలదని మేమిచ్చట వివరింపదలచితిమి.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున 1930 దశకములో ఈ విషయము ప్రయోగపూర్వకముగా పరిశీలింపబడెను. అందు ప్రముఖుడైన వెండెల్ జాన్సన్ తానును నత్తిగలవాడే. ఒకే భాగమును మరల మరల చదివించినపుడు నత్తి మొత్తముమీద తగ్గెను. మిగిలినది మాత్రము చాలవరకు మునుపటి మాటలపైననే కనబడెను. 1937లో జాన్సన్, మిల్‌శాప్స్ నత్తి కలిగిన మాటలను కప్పివేసి చదివించిరి. అపుడు ఆ కప్పిన చోట్ల ప్రక్కనున్న మాటలపై నత్తి ఎక్కువగా కలిగెను. మాట మరుగైనను దాని జాడ చాలినదన్నమాట.

కావున పూర్వానుభవము ముందెరుకకు ఒక కారణము. వేరొకటియు కలదు. మాట పలుకుటకు ముందే మనస్సున కూర్పబడును. ఆ కూర్పునందలి లోపమును పలుకువాడు లోలోపలనే కనిపెట్టి సవరింపబోవుటయే నత్తియని 1993లో పోస్ట్మా, కోల్క్ ప్రతిపాదించిరి. ఇది ఊహాసిద్ధాంతమే గాని తుదినిర్ణయము కాదు. ముందెరుకయు ఎల్లప్పుడు నిజము కాదు. ఊహించిన మాట సాఫీగా వెలువడవచ్చును, ఊహింపనిది నిలిచిపోవచ్చును.

ఆంగ్లమున హల్లుతో మొదలగు పదములు, నామక్రియాది పదములు, దీర్ఘపదములు, వాక్యారంభమందలి పదములు నత్తికి ఎక్కువగా గురియగునని 1945లో స్పెన్సర్ బ్రౌన్ చూపెను. దీనిని తెలుగునకు యథాతథముగా అన్వయింపరాదు. ఆంగ్లమున విడిగానుండు విభక్త్యర్థకములు మన భాషలో పదాంతమున చేరును. క్రియ సాధారణముగా వాక్యాంతమున నుండును. ఇది మన పరిశోధకులు పరిశీలింపదగిన విషయము.

ముందెరుక గలవాడు మాట మార్చును. 'పుస్తకము' అనలేనివాడు 'గ్రంథము' అనును, పదక్రమమును త్రిప్పును. వినువారికి నత్తియే తోచదు. కాని స్వనామమునకు పర్యాయపదము లేదు. తరగతిలో వరుసగా చదివించునపుడు తన వంతు సమీపించుకొలది భయము హెచ్చును. తుదకు తెలిసిన సమాధానమునకును 'తెలియదు' అని ఊరకుండును. ఉపాధ్యాయుడు దానిని అజ్ఞానముగా లెక్కించినచో విద్యార్థికి అన్యాయము జరుగును. చెవికి వినబడిన నత్తిని మాత్రమే లెక్కించు పరిశోధకుడును అట్లే పొరబడును. ఏ మాటను పలుకనెంచి మానితివని విద్యార్థిని ఏకాంతమున, ఆదరముతో అడిగి తెలిసికొనుట ఇరువురికిని కర్తవ్యము.