కిటికీ లేని మరుగుదొడ్డి: దీపం ఒక్కటే చాలదు

స్థలం చాలని ఇళ్లలో మరుగుదొడ్డికి తరచుగా దక్కేది గదుల మధ్య మిగిలిన మూల. దానికి బయటి గోడ ఉండదు, కిటికీ పెట్టే వీలుండదు. మిట్టమధ్యాహ్నం కూడా దీపం వేసుకోవలసిందే. మంచి దీపం ఒకటి అమర్చితే కిటికీ లేని లోటు తీరినట్టేనని చాలామంది భావిస్తారు. కానీ కిటికీ వెలుతురుతో పాటు మరో మూడు పనులు చేస్తుంది. దుర్వాసనను, ఆవిరిని బయటికి పంపుతుంది. తడిసిన నేలను, గోడలను ఆరబెడుతుంది. గదిలో విషవాయువు చేరితే పలుచబరుస్తుంది. కిటికీ లేనప్పుడు ఈ నాలుగు పనులకూ విడివిడిగా ఏర్పాటు చేయాలి. వాటిలో ఏ ఒక్కటి మరచినా గోడలకు బూజు పట్టడం మొదలుకొని ప్రాణాపాయం వరకు ఏదైనా జరగవచ్చు.

పెరటి నుంచి ఇంట్లోకి

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఈ సమస్య తెలుగు కుటుంబాలకు కొత్తది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ శతాబ్దం చివర ఖరగ్‌పూర్‌ను కూడలి స్టేషనుగా మలచి, తరువాత అక్కడ పెద్ద వర్క్‌షాపును నడిపింది. ఆ కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్లిన కుటుంబాలు తరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. రైల్వే క్వార్టరు ఉద్యోగంతో వస్తుంది, పదవీ విరమణతో పోతుంది. ఆ తరువాత మలంచ, ఝాపేటాపూర్ వంటి పేటల్లో కొద్దిపాటి స్థలంలో సొంత ఇల్లు కట్టుకునేవారికి ప్రతి అడుగూ లెక్కే.

మరుగుదొడ్డి అన్న మాటలోనే పాత ఇంటి అమరిక కనిపిస్తుంది. మరుగు అంటే చాటు, దొడ్డి అంటే పెరడు. ఇంటికి దూరంగా, పెరటి చివర చాటున ఉండేది కనుక దానికి గాలి, వెలుతురు వెతుక్కోవలసిన అవసరం లేకపోయింది. ఇంట్లో వృద్ధులు రాత్రివేళ పెరట్లోకి వెళ్లలేకపోవడం, వానాకాలపు ఇబ్బందులు, ఆడపిల్లల భద్రత వంటి కారణాలతో అది ఇంట్లోకి వచ్చింది. తరువాత ఒక పక్క వంటగది, మరో పక్క పిల్లల గది చేరి ఉన్న ఒక్క వెంటిలేటరూ మూసుకుపోవడం ఇరుకు ఇళ్లలో సాధారణంగా జరిగేదే. ఖరగ్‌పూర్ వాతావరణం కష్టాన్ని మరింత పెంచుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తేమ ఎక్కువ. పొద్దున తడిసిన నేల సాయంత్రానికి కూడా ఆరదు.

ముందుగా అడగవలసిన ప్రశ్న

ఆ గదికి నిజంగా బయటి గాలి అందే దారి లేదా అన్నది మొదట తేల్చుకోవాలి. మరుగుదొడ్డికి కనీసం ఒక గోడ బయటి గాలికి తెరుచుకునేలా ఉండాలన్నది భారత జాతీయ భవన నిర్మాణ నియమావళిలోని మూల సూత్రం. అది సాధ్యం కానప్పుడే షాఫ్టు, యంత్రంతో గాలి మార్పిడి వంటి ప్రత్యామ్నాయాలు ఆలోచించాలి. స్లాబుకు కాస్త దిగువన చిన్న వెంటిలేటరు పెట్టగలిగినా సగం సమస్య తీరుతుంది. పై అంతస్తు అయితే కప్పులో గాజు పలకను నీరు కారకుండా బిగించి పగటి వెలుతురు తెచ్చుకోవచ్చు. పక్క గదికి కిటికీ ఉంటే తలుపు పైభాగంలో మసక గాజు పలకను గానీ, గోడలో గాజు ఇటుకలను గానీ అమర్చి ఆ వెలుతురును అరువు తెచ్చుకోవచ్చు. మరుగుదొడ్డి తలుపు నేరుగా వంటగదిలోకి తెరుచుకోకూడదన్న నియమాన్ని మాత్రం స్థలాభావం పేరుతో దాటకూడదు.

కొలతలు, అమరిక

అదే నియమావళి ప్రకారం విడి మరుగుదొడ్డి వైశాల్యం కనీసం 1.1 చదరపు మీటర్లు, వెడల్పు 0.9 మీటరు ఉండాలి. స్నానపు గది, మరుగుదొడ్డి కలిసి ఉంటే వైశాల్యం 2.8 చదరపు మీటర్లు, వెడల్పు 1.2 మీటర్లకు తగ్గకూడదు. మేస్త్రీల లెక్కలో చెప్పాలంటే నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు గల గది ఈ కనీస కొలతకు సరిపోతుంది. ఈ కొలతలు టైల్స్ వేసిన తరువాత మిగిలే లోపలి కొలతలుగా తీసుకోవడం మంచిది. నిర్మాణానికి పురపాలక సంఘం అనుమతి తీసుకునేటప్పుడు స్థానిక నిబంధనలనూ సరిచూసుకోవాలి.

ఇంత చిన్న గదిలో పొడి భాగం ముందు, తడి భాగం వెనుక ఉండేలా వరుస కుదరాలి. తలుపు దగ్గర వాష్‌బేసిన్, మధ్యలో కమోడ్, చివర స్నానపు చోటు అన్నది అనువైన క్రమం. నేల వాలు తలుపు నుంచి చివరనున్న జాలీ వైపు ఉండాలి. ఆరడుగుల దూరానికి సుమారు ఒక అంగుళం వాలు చాలు. స్నానపు చోటుకు ముందు చిన్న గట్టు కట్టినా, నేలను అర అంగుళం దించినా కమోడ్ దగ్గర తడి తగ్గుతుంది. టైల్స్ వేయకముందే నీరు ఇంకని పూత పూసి, నేలపై కనీసం ఒక రోజు నీరు నిలిపి, చెమ్మ దిగుతున్నదో లేదో చూడాలి. కిటికీ లేని గదిలో చెమ్మ ఒకసారి పట్టిందంటే దానంతట అది ఆరదు.

గాలి ఎటు వచ్చి ఎటు పోవాలి?

కిటికీ లేని మరుగుదొడ్డికి ప్రాణం ఎగ్జాస్ట్ ఫ్యాన్. నాలుగడుగులు, ఎనిమిదడుగుల గదికి ఎత్తు ఎనిమిదడుగులు అనుకుంటే లోపలి గాలి 256 ఘనపు అడుగులు, అంటే సుమారు ఏడు ఘనపు మీటర్లు. గంటకు పది సార్లు ఆ గాలి మారాలంటే ఫ్యాను గంటకు 70 ఘనపు మీటర్ల పైచిలుకు గాలిని బయటికి తోయాలి. బజారులో దొరికే ఆరంగుళాల ఫ్యాన్ల పెట్టెల మీద సాధారణంగా ఇంతకంటే చాలా ఎక్కువ సామర్థ్యం ముద్రించి ఉంటుంది. అయితే ఆ అంకె ముందు అడ్డేమీ లేనప్పటిది. పొడవైన పైపు, రెండు మూడు వంపులు, దుమ్ముతో మూసుకుపోయిన జాలీ ఉంటే బయటికి పోయే గాలి బాగా తగ్గిపోతుంది. అందుకే పైపు వీలైనంత పొట్టిగా, నిటారుగా ఉండాలి.

ఫ్యాను ఎంత బలమైనదైనా, బయటికి పోయినంత గాలి లోపలికి రాకపోతే అది ఊరికే తిరుగుతుంది. తలుపు కింద రెండు సెంటీమీటర్ల సందు వదలాలి, లేదా తలుపు అడుగు భాగంలో గాలి పలకలు అమర్చాలి. గాలి లోపలికి వచ్చే చోటు, బయటికి పోయే చోటు గదికి ఎదురెదురు కొసల్లో ఉండాలి. తలుపు కింద నుంచి వచ్చిన గాలి కమోడ్ మీదుగా సాగి, స్నానపు చోటు పైన కప్పుకు దగ్గరగా ఉన్న ఫ్యాను ద్వారా పోతే గది మొత్తం శుభ్రపడుతుంది. తలుపు మీదనే ఫ్యాను బిగిస్తే వచ్చిన గాలి వచ్చినట్టే పోతుంది. లోపలి మూలలో వాసన అలాగే నిలిచిపోతుంది.

ఫ్యాను పైపును ఆరుబయటికే తీసుకువెళ్లాలి. ఫాల్స్ సీలింగ్‌లోకి, మెట్ల గదిలోకి, పొరుగువారి గోడ సందులోకి వదిలితే వాసన, తేమ చోటు మారుతాయే తప్ప పోవు. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి ఈ పైపును ఎన్నడూ కలపకూడదు. ఫ్యాను ఆగిన వెంటనే ట్యాంకులోని వాయువులు అదే దారిన గదిలోకి దిగుతాయి. పైపు బయటి వైపుకు కొద్దిగా వాలుగా ఉంటే లోపల పేరుకున్న ఆవిరి నీరు వెనక్కి కారదు. బయటి కొసకు వాన పడని మూత, పక్షులు గూడు కట్టని జాలీ అవసరం.

ఏర్పాటు పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి ఒక అగరుబత్తి చాలు. తలుపు మూసి, ఫ్యాను వేసి, బయట నుంచి తలుపు కింది సందు దగ్గర అగరుబత్తి పట్టుకుంటే పొగ లోపలికి లాగబడాలి. పొగ అక్కడే తచ్చాడితే ఎక్కడో అడ్డు ఉన్నట్టు. స్నానం ముగిశాక కూడా ఫ్యాను 15 నుంచి 20 నిమిషాలు తిరగాలి. ఈ పని మనిషి జ్ఞాపకానికి వదలకుండా, తనంతట తాను ఆగే టైమర్ స్విచ్ పెట్టుకోవడం మేలు.

ఫ్యాను తిరుగుతున్నా వాసన పోకపోతే జాలీ కింది ట్రాపును చూడాలి. అందులో నిలిచే రెండంగుళాల నీరే మురుగు కాలువకు, గదికి మధ్య అడ్డుగోడ. వాడకం లేని గదిలో ఆ నీరు ఆవిరై, వాసనతో పాటు బొద్దింకలూ పైకి వస్తాయి. వారానికి రెండు చెంబుల నీరు పోస్తే సరిపోతుంది.

వెలుతురు, విద్యుత్తు

చిన్న గదికి తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ దీపం వెలుతురు పరంగా చాలు. అది ఎక్కడ ఉన్నదన్నదే ముఖ్యం. నిలబడిన మనిషి వెనుక దీపం ఉంటే అద్దంలో ముఖం మీద, నేల మీద నీడ పడుతుంది. అద్దం పైన ఒకటి, స్నానపు చోటు దగ్గర తడి తగలని మూత ఉన్నది మరొకటి అమర్చుకుంటే నీడలు పోతాయి. గోడలకు, కప్పుకు లేత రంగు ఉంటే అదే దీపం ఎక్కువ వెలుతురునిస్తుంది. నేలకు మాత్రం కాస్త ముదురు రంగు, గరుకు టైల్స్ ఎంచుకోవాలి. అంతా తెల్లగా ఉంటే చూపు మందగించిన వృద్ధులకు కమోడ్ అంచు ఎక్కడో, నేల ఎక్కడో తెలియదు.

కరెంటు పోతే ఈ గదిలో పగలైనా కటిక చీకటే. తడి నేల మీద చీకట్లో వేసే అడుగు తుంటి ఎముకను విరగగొట్టవచ్చు. కనుక ఇక్కడి దీపాన్ని ఇన్వర్టరుకు కలపాలి, లేదా కరెంటు పోగానే తనంతట తాను వెలిగే బ్యాటరీ బల్బు పెట్టాలి. స్విచ్‌లు గది బయటే ఉండాలి. గీజరుకు సరైన ఎర్తింగ్, ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా ఉండాలి.

గ్యాస్ గీజరుతో ప్రాణాపాయం

కిటికీ లేని గదిలో అన్నింటికంటే పెద్ద ప్రమాదం గ్యాస్ గీజరు. మంట మండడానికి గదిలోని ప్రాణవాయువునే వాడుకుంటుంది. గాలి చాలనప్పుడు గ్యాస్ పూర్తిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలై, ఏమి జరుగుతున్నదో గ్రహించేలోపే మనిషి స్పృహ కోల్పోవచ్చు. చలికాలంలో తలుపు బిగించుకుని స్నానం చేసినవారు ఇలా మరణించిన ఘటనలు దేశంలో పలుచోట్ల నమోదయ్యాయి.

ఎగ్జాస్ట్ ఫ్యాను ఉన్నది కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. లోపలికి గాలి రాక ఫ్యాను గాలిని లాగేస్తుంటే, గీజరు నుంచి వెలువడే వాయువులు గదిలోకే మళ్లవచ్చు. అందువల్ల గ్యాస్ గీజరును బాగా గాలి ఆడే ఆరుబయటి గోడకు బిగించి, వేడినీటి పైపును మాత్రమే లోపలికి తేవాలి. అది కుదరకపోతే విద్యుత్ గీజరే శరణ్యం. స్నానానికి వెళ్లినవారు పిలిస్తే పలకకపోతే వెంటనే తలుపు తెరిచి, గ్యాస్ కట్టేసి, వారిని ఆరుబయటికి చేర్చి, 112కు ఫోన్ చేయాలి.

శుభ్రపరిచే మందులతోనూ ఇటువంటి ముప్పే ఉంది. కమోడ్‌కు వాడే యాసిడ్, బ్లీచింగ్ పౌడరు ఒకదానితో ఒకటి కలిస్తే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఒక మందు వాడి, నీటితో పూర్తిగా కడిగాక కూడా అదే పూట రెండోది వాడకపోవడం క్షేమకరం. కడుగుతున్నంతసేపూ తలుపు తెరిచి, ఫ్యాను వేసి ఉంచాలి.

తలుపు, ఆసరా

లోపల పడిపోయిన మనిషిని కాపాడవలసి వస్తే కిటికీ లేని గదికి తలుపు ఒక్కటే దారి. అది లోపలికి తెరుచుకునేదైతే పడిన మనిషే దానికి అడ్డవుతాడు. బయటికి తెరుచుకునే తలుపు గానీ, పక్కకు జరిపే తలుపు గానీ పెట్టి, అవసరమైతే నాణెంతో బయట నుంచి తిప్పగలిగే గడియ అమర్చాలి. కమోడ్ పక్కన, స్నానపు చోట గోడకు పట్టుకమ్మీలు గట్టిగా బిగించాలి. కదిలే రైలు పెట్టెలోని ఇరుకు శౌచాలయంలో పట్టుకమ్మీ విలువ రైల్వే కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో వయసు మీరినవారికీ అదే ఆసరా.

మేస్త్రీకి పని అప్పగించే ముందు

కాగితం మీద గీత గీసుకున్నప్పుడే ఇంటివారు ఐదు ప్రశ్నలకు సమాధానం రాసుకుంటే తరువాత గోడలు పగలగొట్టే పని ఉండదు.

గాలి ఏ సందు నుంచి లోపలికి వస్తుంది, ఏ పైపు గుండా ఆరుబయటికి పోతుంది?

నేల వాలు ఎటు, జాలీ ఎక్కడ?

కరెంటు పోతే ఏ దీపం వెలుగుతుంది?

వేడినీరు ఎక్కడ కాగుతుంది?

లోపలివారు పడిపోతే తలుపు బయట నుంచి ఎలా తెరుచుకుంటుంది?

టైల్స్ రంగు, కుళాయిల మెరుపు ఎంచుకోవడానికి తరువాత కూడా వ్యవధి ఉంటుంది. ఈ ఐదింటికి మాత్రం పునాది దశలోనే జవాబు దొరకాలి.