మంచం పక్కన బ్లోయర్ ఫ్యాన్ – కరెంటు జాగ్రత్తలు

రోగిని డిశ్చార్జి చేసి ఇంటికి తీసుకువెళ్లగానే మనం మొదట చేసే పని మంచం పక్కన గాలి తగిలేలా ఫ్యాన్ పెట్టడం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఎండలకు అది అవసరమే. కాని ఇనుప బాడీ ఉన్న చిన్న బ్లోయర్‌కు, కూలర్‌కు వైరింగ్ సరిగా లేకపోతే అదే ప్రాణం మీదికి తెస్తుంది.

షాక్ ఎందుకు కొడుతుంది?

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. కరెంటు తెచ్చే వైరు ఫేజు, తిరిగి తీసుకుపోయేది న్యూట్రల్, ఫ్యాన్ బాడీకి బిగించేది ఎర్త్. లోపల వైరు తొక్క ఊడి బాడీకి తగిలితే బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. ఎర్త్ బాగుంటే అది భూమిలోకి పోతుంది, ఫ్యూజు కూడా పోతుంది. ఎర్త్ లేకపోతే ముట్టుకున్న మనిషి ఒంట్లోంచి పోతుంది. చెమట చేతులు, తడి నేల అయితే ప్రమాదం మరీ ఎక్కువ. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేసేవారు కూడా ఈ విషయం గుర్తుంచుకోవాలి.

వైరింగ్ ఎలా ఉండాలి?

1. పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ముందు మెయిన్ ఆపాలి.

2. ఐ.ఎస్.ఐ. గుర్తున్న మూడు కోర్ల వైరు, మూడు పిన్నుల ప్లగ్గు వాడండి. ఎరుపు లేక గోధుమరంగు ఫేజు; నలుపు లేక నీలం న్యూట్రల్; ఆకుపచ్చ లేక ఆకుపచ్చ-పసుపు చారల వైరు ఎర్త్. ప్లగ్గులో లావుపాటి పిన్ను ఎర్త్‌ది.

3. స్విచ్ ఫేజు మీదే ఉండాలి. న్యూట్రల్ మీద ఉంటే ఫ్యాన్ ఆగినా లోపల కరెంటు ఉంటుంది.

4. ప్లగ్గు లేకుండా వైర్లు సాకెట్‌లో గుచ్చి అగ్గిపుల్లలు పెట్టవద్దు.

5. వైరుకు మధ్యలో అతుకులు వద్దు. పరుపు కింద వైరు పోనివ్వవద్దు.

6. కూలర్‌లో నీళ్లు పోసేముందు, రోగి ఒళ్లు తడిగుడ్డతో తుడిచేముందు స్విచ్ ఆపి, ప్లగ్గు తీసేయండి.

ఎర్త్ గుంత ఎండిపోతే?

మన ప్రాంతంలో వానలు తక్కువ. నేల ఎండితే ఎర్త్ సరిగా పనిచేయదు, ఫ్యూజు కూడా పోకపోవచ్చు. బొగ్గు, ఉప్పు వేసిన ఎర్త్ గుంతలో వేసవిలో తరచూ నీళ్లు పోయండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టిస్తే ఇంకా మేలు. కరెంటు కొంచెం పక్కదారి పట్టినా అది క్షణంలో సరఫరా ఆపేస్తుంది.

షాక్ కొడితే ఏం చేయాలి?

మనిషిని ముట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపండి. అది కుదరకపోతే పొడి చెక్క మీద నిలబడి, పొడి కర్రతో వైరును తప్పించండి. 108కి ఫోన్ చేయించండి. స్పృహ, ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. స్పృహ లేనివారికి నోట్లో నీళ్లు పోయవద్దు. లేచి కూర్చున్నా సరే, ఆసుపత్రికి తీసుకువచ్చి ఇ.సి.జి. తీయించండి. పైకి చిన్న గాయమే కనిపించినా గుండె లయ తప్పవచ్చు.

రోగి ఇల్లు చేరకముందే ఒకసారి ప్లగ్గు, వైరు, ఎర్త్ చూసుకోండి. మందులు వేళకు ఇవ్వడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.